జోగయ్య ఆకుపచ్చ చుక్క

అయినా ఇసకలో పాతేసిన ఫోనుకి సిగ్నల్ అందుతుందా అందదా అని అనుమానం రావడం పిచ్చి కాదు, పాతకుండానే అందదని తేల్చేయడం పిచ్చి, అందుకే పాతాను, భావనపాడు రేవులో పొద్దున్నే అందరూ చూస్తుండగా గొయ్యి తీసి, ఫోనుని పాలిథిన్ కవర్లో చుట్టి, పైన ఇసక కప్పి, ఎక్కడ పాతానో మరిచిపోకుండా నా చెప్పు ఒకటి గుర్తుగా పెట్టుకుని కూర్చున్నాను, వల బాగుచేసుకుంటున్న ముసలాయన ఏటమ్మా, పిల్లిపిల్లేటి సచ్చిపోనాది అన్నాడు, కాదు తాతా టెస్టింగు అన్నాను, ఆయన కాసేపు నన్నూ నా చెప్పునీ చూసి, సదువుకున్న గుంట, పాపం, అని వల వైపు తిరిగిపోయాడు, ఆ పాపం ఎవరి మీదో నాకు అర్థమైంది, కానీ ఏం చేస్తాం, నా ఉద్యోగమే అది, గోవింద్ ప్రోగ్రాం రాస్తాడు, అది ఎక్కడెక్కడ బోర్లా పడుతుందో నేను వెతుకుతాను, అతను డెవలపరు, నేను టెస్టరు, ఇద్దరం అరసవల్లిలో గుడికొచ్చే ఆటోల హారన్ల మధ్య ఒక మేడ మీద గదిలో ఎదురెదురు కుర్చీల్లో కూర్చుని పగలంతా ఒకరినొకరు అసహ్యించుకుంటాం, ఆదివారాలు మాత్రం ఎవరిళ్లల్లో వాళ్లం ఉండి అసహ్యించుకుంటాం, మా సారు ఈ యాప్‌కి ఒడ్డు అని పేరు పెట్టారు, పడవ వేటకి బయల్దేరేముందు ఫోనులో ఒక బొత్తాం నొక్కితే ఇంట్లోవాళ్ల ఫోనులో ఆ పడవ పేరు పక్కన ఎర్ర చుక్క వెలుగుతుంది, తిరిగి రేవుకొచ్చి సిగ్నల్ అందుకున్న కాసేపటికి చుక్క దానంతటదే ఆకుపచ్చైపోతుంది, ఎందుకు దానంతటదే అంటే, వచ్చేటప్పుడు చేతుల నిండా వల, చేపలు, నీసు, అప్పుడు ఎవడు నొక్కుతాడు అని గోవింద్ అడిగాడు, అతను జీవితంలో అడిగిన ఒకే ఒక్క మంచి ప్రశ్న అది, గాలివాన పట్టిన రోజు ఏ చుక్క ఎర్రగా మిగిలిందో ఆ పడవ కోసం వెతకడానికి వెళ్తారు, ఆకుపచ్చైనదాని కోసం ఎవరూ వెళ్లరు, అదీ ఏర్పాటు, ముందు భావనపాడులో పెట్టి చూసి, రేపు తీరమంతటికీ ఇచ్చేద్దామని సారు ముహూర్తం కూడా పెట్టించుకున్నారు, ఈలోగా జోగయ్య చుక్క మా కొంప ముంచింది.

మా కొంప సంగతి తర్వాత, ముందు మునిగింది జోగయ్య కొంప, ఆ మధ్య ఒకరోజు అతని చుక్క పొద్దున్నే ఆకుపచ్చైంది, పెళ్లాం కూర్మమ్మ అన్నం వార్చి, పులుసు దించి, గుమ్మంలో కూర్చుంది, మనిషి పొద్దు వాలాక వచ్చాడు, ఇంతసేపూ ఎక్కడున్నావంటే నీటిలో అన్నాడు, నీటిలో ఉంటే ఇదేటి మరి, ఒడ్డుకొచ్చీసినావని ఫోను సెప్తన్నాది అని అతని ముఖం ముందు తెరిచి పట్టుకుంది, అతను ఆ చుక్కనీ పెళ్లాన్నీ మార్చి మార్చి చూసి నాకేటి తెలుసే అన్నాడు, సరేలే అనుకుంది, కొన్నాళ్లకి మళ్లీ అదే, మళ్లీ కొన్నాళ్లకి మళ్లీ అదే, మనిసి అబద్దమాడతాడు గానీ మిసను ఆడదు గదమ్మా, నౌపడలో ఎవత్తో ఉన్నాది, ఒడ్డెక్కీసి అటే ఎలిపోతన్నాడు అని నాతో చెప్పినప్పుడు కూర్మమ్మ గొంతులో ఏడుపు లేదు, కూర తరిగేటప్పుడు ఉండే శ్రద్ధ ఉంది, అందుకే నాకు భయమేసింది, పడవలో తోటివాళ్లు నీటిలోనే ఉన్నాం వదినా అని చెప్పారు, ఒక్క కుండలో తిన్నోలు మీరు, ఇంకేటి సెప్తారు అని వాళ్లనీ కొట్టిపారేసింది, మిగిలిన ఆడవాళ్లని నేను ఇల్లిల్లూ తిరిగి అడిగితే మాకూ అప్పుడప్పుడు అలగే అవుతాదమ్మా, ఏ పేకాటకో పోనాడనుకుని ఒగ్గీసినాం, ఇంట్లో లేకపోతే మాకూ సుకమే గదా అని నవ్వారు, అంటే బగ్ అందరి ఇళ్లల్లోనూ ఉంది, పోట్లాట ఒక్క ఇంట్లోనే ఉంది, మాకు కబురొచ్చింది పోట్లాట గురించి, ఇన్నాళ్లూ మేం ఆఫీసులో లెక్కపెట్టుకుంటున్నవి తప్పులు కాదు, తగువులు, ఇవాళ పడవలొచ్చాక పెద్దలు కూర్చుంటారు, ఎక్కడున్నాడో జోగయ్య నిజం చెప్పాలి, చెప్పకపోతే కూర్మమ్మ కళింగపట్నం కన్నవారింటికి పోతుంది, సంచి సర్దేసుకుంది, నిన్న జోగయ్య నా దగ్గరికొచ్చి అమ్మా, గంగమ్మ తల్లి మీద ఒట్టు, నాను నీటిలోనే ఉన్నాను, నా మాట అది ఇనదు, నువ్వు సదువుకున్నదానివి, నువ్వు సెప్పు అన్నాడు, అని తుండుగుడ్డతో ముఖం తుడుచుకున్నాడు, చెమటో ఇంకేమిటో నేను చూడలేదు, చూస్తే నమ్మేస్తాను, టెస్టర్ అన్నది నమ్మకూడదు.

నమ్మకూడదు గానీ, నాకు అతన్ని నమ్మాలని ఉంది, అదే తలనొప్పి, గోవింద్‌కి ఏ తలనొప్పీ లేదు, నా దగ్గర ఆ తప్పు రావట్లేదు ఉషా, రాని తప్పు తప్పు కాదు, యాప్‌లో బగ్ లేదు, జోగయ్యలోనే ఉంది, అని కుర్చీలో వెనక్కి వాలి అన్నాడు, అరసవల్లిలో ఫ్యాను కింద కూర్చుని ఫోనుని బల్ల మీద ఈ చివర నుంచి ఆ చివరికి జరిపి, ఇదిగో సముద్రం, ఇదిగో ఒడ్డు, చూశావా సరిగ్గానే మారింది అని చూపించినవాడు అతను, తప్పు దొరకాలంటే అలా కాదు, తాళంచెవి పోయినట్టు ఇల్లంతా ఒకేసారి కెలకకూడదు, ఒక వరస ఉండాలి, ముందు అంచులు చూడాలి, బ్యాటరీ నిండుగా ఉంటే ఎలా, కొనఊపిరితో ఉంటే ఎలా, సిగ్నల్ అప్పుడే పోతుంటే ఎలా, అప్పుడే వస్తుంటే ఎలా, మధ్యలో అంతా మర్యాదగానే ఉంటుంది, గొడవలన్నీ అంచుల్లోనే, అక్కడా దొరక్కపోతే పాత ప్రోగ్రాములు తీసి సగానికి సగం నరుక్కుంటూ, ఇది బాగుందా, అయితే తప్పు తర్వాత సగంలో ఉంది, అందులో మళ్లీ సగం, అలా ఏ మార్పుతో పాడైందో ఆ మార్పు దగ్గరికి చేరాలి, చేరాను, మొట్టమొదటి ప్రోగ్రాం దగ్గరికే చేరాను, అంటే పుట్టుకతోనే ఉన్న జబ్బన్నమాట, ఇక మిగిలింది జతలు, ఒక్క కారణంతో పడిపోయే తప్పుని గోవింద్ కూడా పట్టేస్తాడు, దొరకని తప్పు రెండు కారణాలు కలిసినప్పుడే బయటికొస్తుంది, మా శ్రీముఖలింగంలో మా నాన్న విడిగా మంచివాడు, మా మావయ్య విడిగా మంచివాడు, ఇద్దర్నీ ఒక పందిట్లో కూర్చోబెడితే ఆ పెళ్లి ఆగిపోతుంది, అందుకని ఫోను రకం, సిమ్ము, బ్యాటరీ, గాలి, తడి, ఇసక, ఇలా అన్నీ రాసుకుని, ఏ రెండు తీసుకున్నా కనీసం ఒక్కసారైనా కలిసేలా పరీక్షలు కట్టుకోవాలి, అన్నిటినీ అన్నిటితోనూ కలపాలంటే నా ఆయుష్షు చాలదు, జతలైతే సెలవు పెట్టకుండా అయిపోతాయి, అలా కట్టుకునే ఇవాళ ఇసకలో పాతేదాకా వచ్చాను, ఆ కాగితంలో జోగయ్య నిజం చెప్తున్నాడు, జోగయ్య అబద్ధమాడుతున్నాడు అని రెండూ రాసుకున్నాను, రాసుకోకపోతే అది పరీక్ష కాదు, అభిమానం, మా అమ్మ దీన్నే నా రోగం అంటుంది, మొన్న నన్ను చూడ్డానికొచ్చిన టెక్కలి అబ్బాయిని, మీకు బదిలీ అయిన రోజునే మీ అమ్మగారు జారిపడి, అదే రోజు నాకు జ్వరమొస్తే మీరేం చేస్తారు అని అడిగాను, విడివిడిగా అడిగితే అందరూ చక్కగానే చెప్తారు కదా, అతను టీ సగంలో వదిలేసి ఫోనొచ్చినట్టు లేచాడు, ఫోను రాలేదు, నేను చూస్తూనే ఉన్నాను, ఓలె నీకు మొగుడు కావాలా, పరీచ్చ పేపరు కావాలా అని అమ్మ ఆ పూట నాకు అన్నం కూడా వడ్డించలేదు.

ఎండ ఎక్కుతోంది, పాతిన ఫోనులో ఆకుపచ్చా లేదు ఎరుపూ లేదు, ఇసక తప్ప ఏమీ లేదు, తవ్వి తీసి, చెప్పు తొడుక్కుని, ఛార్జింగ్ కోసం మరిడమ్మ టీ బడ్డీకి వెళ్లాను, రేవు మొత్తానికి కరెంటు బోర్డున్న బడ్డీ అదొక్కటే, ఎప్పుడు చూసినా దానికి ఫోనులు గుత్తులుగా వేలాడుతూ ఉంటాయి, చోటు లేకపోతే ఒక వైరు పీకేసి నాది పెట్టుకున్నాను, మరిడమ్మ టీ వడపోస్తూ, ఎవుల్ది పీకీసినావో, వచ్చి నన్ను తిడతారు అంది, కూర్మమ్మ అప్పటికే బల్ల మీద కూర్చుని ఉంది, కాళ్ల దగ్గర సంచి, సంచి మీద చెయ్యి, చేతిలో ఫోను, ఫోనులో జోగయ్య ఎర్ర చుక్క, నిజానికి ఇవాళ నేను ధీమాగానే ఉన్నాను, నిన్న సాయంత్రమే జోగయ్యకి ఒక్కొక్కటీ విడమరిచి చెప్పాను, ఫోను ఆపొద్దు, యాప్ మూయొద్దు, తడవనివ్వొద్దు, ఛార్జి తగ్గనివ్వొద్దు, చేపల చేత్తో ముట్టుకోవద్దు, కంటికి రెప్పలా చూసుకో, నీ కాపురం ఆ ఫోనులోనే ఉంది అన్నాను, అలగేనమ్మా, సెప్పినావు గదా, అలగే సేస్తాను అని బుద్ధిగా తలూపాడు, ఆ తర్వాత పడవ ముక్కుకి అంటించిన మా కంపెనీ పసుపు స్టిక్కరుకి దండం పెట్టుకున్నాడు, ఇక్కడ ప్రతి పడవకీ ఆ స్టిక్కరుంది, మొదటిరోజు గోవింద్ మైకు పట్టుకుని, ఈ స్టిక్కరున్న పడవని మా ఒడ్డు కనిపెట్టుకుని ఉంటుంది అని చెప్పి వెళ్లాడు, పడవ నంబరు తప్ప అందులో ఏమీ లేదు, వీళ్లు మాత్రం దానికి బొట్టు పెట్టి, నిమ్మకాయ కట్టి, ఉప్పునీరు పడితే మంచినీళ్లతో తుడుస్తారు, నేను చూసి ముచ్చట పడ్డాను, ముచ్చట పడ్డానే గానీ ఆలోచించలేదు, ఒలమ్మా ఉషమ్మా అని కూర్మమ్మ పిలిచింది, ఏమిటి అన్నాను, సూడు, పచ్చగైపోనాది.

నిజంగానే ఆకుపచ్చైంది, నా గుండె ఎగిరింది, సంతోషంతోనే, సిగ్గులేని ఉద్యోగం ఇది, బగ్ కళ్లెదురుగా దొరికితే ముందు సంతోషమే వస్తుంది, లేచి రేవంతా చూశాను, సూరి అని ఇంకొకతని పడవ ఒక్కటే వచ్చి ఉంది, కానాగంత చేపలు గంపల్లోకి దించుతున్నారు, వేలంపాట మొదలైపోయింది, అందరూ దాని చుట్టూ మూగారు, జోగయ్య పడవ లేదు, నిమ్మకాయా లేదు, పసుపు స్టిక్కరూ లేదు, అయితే జోగయ్య అబద్ధమాడట్లేదు, లేదా ఇంకో రేవులో ఒడ్డెక్కాడు, కాగితంలో రెండూ ఇంకా బతికే ఉన్నాయి, కూర్మమ్మ సంచి చేతిలోకి తీసుకుంది, సూసినావా, పొద్దున్నే ఎక్కీసినాడు, ఇంకేటి పెద్దలు, ఇంకేటి పంచాయితీ, ఆటో ఎక్కడున్నాదో సూడు అంది, ఉండు కూర్మమ్మా ఉండు, ఫోను చేస్తాను, ఎక్కడున్నాడో అడుగుదాం అన్నాను, అడిగితే అబద్దమే సెప్తాడు అంది, చెప్పనీ, వెనకాల చప్పుడైనా వినపడుతుంది కదా, సముద్రమో, బస్సు హారనో, నౌపడో, అని నా ఫోను వైరు లాగేసి నొక్కాను, రింగవుతోంది, మంచిదే, రింగవుతోందంటే సిగ్నల్ ఉంది, సిగ్నల్ ఉందంటే ఒడ్డునే ఉన్నాడు, అయ్యో జోగయ్యా, అనుకుంటుండగా నా వెనకాల కోడి కూసింది, మళ్లీ కూసింది, ఆగకుండా కూస్తోంది, పట్టపగలు ఈ కోడేమిటి అని తిరిగాను, మరిడమ్మ బడ్డీలో కోళ్లు లేవు, ఫోనులున్నాయి, వాటిల్లో ఒకటి వైరు లేకుండా బల్ల మీద పక్కకి తోసేసి ఉంది, తోసింది నేనే, దాని మీద నా పేరు వెలుగుతూ ఆరుతూ కోడిలా కూస్తోంది.

నేను ఆపేస్తే కోడి ఆగింది, మళ్లీ నొక్కితే మళ్లీ కూసింది, ఒకటికి నాలుగుసార్లు చెయ్యకపోతే తృప్తి ఉండదు నాకు, మరిడమ్మ ఆ ఫోనులేవీ ఇక్కడోల్లవి కావమ్మా, నీటిలో ఉన్నోల్లవి అంది, నీటిలో ఉన్నవాళ్ల ఫోనులు నీ బడ్డీలో ఎలా ఉంటాయి అన్నాను, ఎలగేటి, మామూలే గదా, సేపలు బాగా పడితే ఇంకో వల ఏద్దారని సగం పడవలు ఆగిపోతాయి, నిండిన పడవ ముందు వచ్చీస్తాది, ఆగినోల్లు ఫోనులన్నీ ఒక సంచిలో ఏసి ఆ పడవలోకి ఇసిరేస్తారు, సముద్రం లోన సిగ్నలు ఉండదు, తడిస్తే పోద్ది, ఇక్కడైతే సార్జింగు అవుతాది, ఆల్లు దిగీసరికి నిండిపోయుంటాది, ఇందులో సెప్పడానికేటున్నాది అంది, అంటే చేపలు పడని రోజున అందరూ కలిసే వస్తారు, చుక్కలు సరిగ్గా ఉంటాయి, చేపలు పడిన రోజునే బగ్ వస్తుంది, బ్యాటరీ కాదు, సిమ్ము కాదు, గాలి కాదు, కానాగంతలు, గోవింద్‌కి ఫోను చేశాను, ఫోను ఒడ్డుకొచ్చింది, మనిషి రాలేదు, అదీ సంగతి అన్నాను, అయితే యాప్ సరిగ్గానే పనిచేసింది కదా అన్నాడు, వాడకం రాక చేసిన తప్పు అని రాసి మూసెయ్ అన్నాడు, మూసెయ్యాల్సింది ఏదో చెప్పి ఫోను పెట్టేశాను, కానీ అతను అన్నదాంట్లో ఒక ముక్క నిజం, ఏదీ పాడవలేదు, ఫోను సరిగ్గా చెప్పింది, చుక్క సరిగ్గా మారింది, జోగయ్య నేను చెప్పినవన్నీ చేశాడు, తడవకుండా, ఛార్జి తగ్గకుండా, నీసు చేత్తో ముట్టుకోకుండా, అంత జాగ్రత్తగా చూసుకోవాలంటే దాన్ని ఒడ్డుకి పంపించేయడం కన్నా మార్గమేముంది, కనిపెట్టుకుని ఉండడానికి పడవ ముక్కు మీద స్టిక్కరుందనే ధైర్యం అతనిది, నువ్వెక్కడున్నావని పెళ్లాం అడిగింది, నేనడిగాను, పెద్దలు అడగబోతున్నారు, నీటిలో అన్నాడు, నీ ఫోనెక్కడుంది అని ఒక్కళ్లమూ అడగలేదు, మనిషీ ఫోనూ రెండు చోట్ల ఉండొచ్చని, ఇసకలో ఫోను పాతేదాకా ఆలోచించిన నా బుర్రకి తట్టలేదు.

కూర్మమ్మా విన్నావు కదా, నీ మొగుడు నిజమే చెప్పాడు, నౌపడా లేదు ఏమీ లేదు, అని గెలిచినదానిలా ఆమె చెయ్యి పట్టుకున్నాను, నవ్వుతుందనుకున్నాను, ఆమె ఫోను వైపు చూసింది, బోర్డుకి వేలాడుతున్న ఫోనులన్నిటి వైపూ చూసింది, తర్వాత సముద్రం వైపు చూసింది, అయితే ఆడింకా నీటిలోనే ఉన్నాడా అంది, ఉన్నాడు, అదే కదా నేను చెప్తున్నది అన్నాను, ఆ రోజులన్నీ కూడానా, పొద్దు వాలేదాకా నీటిలోనే ఉన్నాడా, మొన్న గాలి తిరిగిన రోజు కూడానా, ఆ రోజు కూడానే అన్నాను, గొంతు తగ్గించి, ఆ రోజు నాను ఇంట్లో కూకోని ఆడు ఎవత్తి పక్కనున్నాడో అని తిట్టుకుంటన్నాను గదమ్మా అంది, సంచి జారిపోయింది, ఆమె ఇసకలో కూలబడలేదు, ఏడవలేదు, చీర కుచ్చెళ్లు ఎత్తి దోపుకుని నీళ్ల అంచుదాకా నడిచింది, నేను వెనకాలే వెళ్లాను, నెలల తరబడి ఈ మనిషికి మా యాప్ ఇచ్చింది కోపం, మొగుడు ఒడ్డున ఉన్నాడనుకుంటేనే కదా అంత తీరిగ్గా కోపగించుకోగలిగింది, ఇప్పుడా కోపం నేను లాక్కున్నాను, చేతిలో ఇంకా ఆకుపచ్చగా వెలుగుతున్న చుక్కని చూస్తే నాకే ఒళ్లు మండింది, నిజంగా గాలివాన పట్టిన రోజు ఆ ఆకుపచ్చ చూసి ఎవరూ పడవ తీయరు, ఎవరూ వెతకరు, రేపు తీరమంతటికీ ఇవ్వబోయేది దీన్నే.

ఎంతసేపు నిలబడ్డామో, పాట అయిపోయింది, గంపలు వెళ్లిపోయాయి, సారుకి రెండు ముక్కలు పంపాను, రేపు వద్దు, ఆపండి అని, ఆయన ముహూర్తం అన్నారు, పడవ ఒడ్డు చేరలేదండీ అన్నాను, అంతే, ఇంకేం వివరించలేదు, అప్పుడు దూరంగా ఒకటి తేలింది, పడవో కెరటమో నాకు తెలియలేదు, కూర్మమ్మకి తెలిసింది, ఆమె భుజాలు కిందకి దిగాయి, ఊపిరి పీల్చింది, పడవ దగ్గరవుతున్నకొద్దీ ఆమె ముఖం మళ్లీ పాత ముఖమైంది, జోగయ్య కాలు ఇసకలో పెట్టకముందే మొదలెట్టింది, ఒరే, నీకు బుద్దుందేటిరా, ఫోను పంపించీసినోడివి ఆ ముక్క సెప్పాలని తెలీదా, నీ వల్ల నాను సంచి కూడా సర్దీసుకున్నాను, అన్నం తిన్నావేటి, మొకం సూడు ఎలగైపోనాదో, జోగయ్యకి ఒక్క ముక్కా అర్థం కాలేదు, తిడుతోందంటే కాపురం నిలబడిందని మాత్రం అర్థమైంది, పళ్లన్నీ బయటపెట్టి తిట్లన్నీ నిలబడి తింటున్నాడు, నన్ను చూసి అమ్మా, సెప్పినట్టే సేసినాను, ఒక్క సుక్క నీరు తగలనివ్వలేదు అన్నాడు, నేను తలూపాను, కూర్మమ్మ అతని చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పి, వల కోసిన గీత చూసి మళ్లీ తిట్టింది, ఆ చూపు చూస్తూ నిలబడ్డాను, మా యాప్‌లో ఎక్కడా లేని చూపు అది, మనిషిని ఆ చివర నుంచి ఈ చివరదాకా చూసి, అన్నీ ఉన్నాయని తేల్చుకునే చూపు, ఫోను ఎంత తెలివైనదైనా తన సంగతే చెప్తుంది, వెళ్లినవాడి సంగతి చెప్పదు, వెళ్లినవాడు కూడా చెప్పలేడు, చేతుల నిండా చేపలు, చెప్పగలిగేది ఒడ్డున నిలబడి చూసినవాళ్లే, చుక్క దానంతటదే మారకూడదు, బొత్తాం జోగయ్య ఫోనులో కాదు, కూర్మమ్మ ఫోనులో ఉండాలి, మొగుణ్ని కళ్లారా చూసి, తిట్టాల్సినవన్నీ తిట్టి, అప్పుడు ఆవిడే నొక్కాలి.